పొయ్యి పక్కన పెట్టిన రీలు

ఓయ్వా మామయ్యా,

నిన్న మీరు ప్రేమగా పొయ్యి పక్కన పెట్టిన గాలం రీలును తీసి చలి వసారాలో పెట్టాను. వెచ్చబడ్డ రీలు గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లగానే చెమ్మ పట్టి బిగుసుకుపోతుంది.

మీరు కొత్తగా కొన్న పేనిన దారం వద్దు. గట్టిదే, కాదనను. కానీ నీళ్లు తాగి పుల్లలా గడ్డకడుతుంది. రీలుకి సన్న నైలాన్ దారం చుట్టాను, చారల అహ్వెన్ చేపలకి అది చాలు. కొక్కెం కూడా నేనే ముడేశాను.

"రీలు ముసలమ్మలకి, మగాడు చేత్తోనే లాగుతాడు" అని మీరు గొణిగింది విన్నాను. ఆపరేషన్ అయిన మీ చెయ్యి అలా అనుకోవడం లేదు మరి! రెండు చలికాలాల తర్వాత ఇవాళే చేపలకి వెళ్తున్నారు. దారం వేళ్లలోంచి జారి చేప పోతే, మళ్లీ సరస్సు ముఖం చూడరేమోనని నా భయం.

మా అమ్మ చనిపోయిన ఏడాది నేను నోరు విప్పలేదు. మీరు ప్రతి ఆదివారం నన్ను మంచు మీదికి తీసుకెళ్లి, ఒక్క మాటా అడక్కుండా పక్కన కూర్చున్నారు. నన్ను మళ్లీ మనిషిని చేసింది అదే. ఎదురుగా చెబితే కాఫీ చల్లారుతోందని మాట మారుస్తారు, అందుకే రాశాను.

బస్సు వస్తోంది.

ఇర్యా

మరిచాను: మన రేవుకెదురుగా గాలం దించడానికి మంచులో రెండు కన్నాలు తొలిచి వచ్చాను. పైన పేరుకున్న మంచుపొరను చిల్లుల గరిటెతో తీసెయ్యండి. రెండో కన్నం నాది. పన్నెండింటికి డ్యూటీ దిగి వచ్చి కూర్చుంటాను.