బియ్యంలో రాసిన నాలుగు పాదాలు

జ్ఞానాపురం, విశాఖపట్నం
12-11-1978

ప్రియమైన జయమణికి,

ప్రభువు దయవల్ల అమ్మా, మన పాప గ్రేసీ, నేనూ కులాసాగా ఉన్నాం. వేలూరులో నీ నర్సింగు ట్రైనింగూ, ఆ మెస్సు భోజనమూ నీకు పడుతున్నాయని తలుస్తాను. గ్రేసీ దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. వాము కషాయం తాగించబోతే అమ్మ చెయ్యి కొరికింది.

నేనేమైనా రాస్తున్నానా అని కూడా అడిగావు. మూడు ఉత్తరాలుగా ఆ ప్రశ్న దాటేస్తున్నాను. ఇవాళ చెబుతాను.

నేను ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, పెన్నులో సిరా నింపుకుని బల్ల ముందు కూర్చుంటేగాని కవిని కాను. వారమంతా పోర్టులో ఓడల పేర్లూ సరుకుల పేర్లూ గబగబా రాసే చెయ్యి ఆ గంటసేపూ కొయ్యబారిపోతుంది. నువ్వేమో గుమ్మంలో చేట ముందేసుకుని, రాళ్లు ఏరుతూ ఏరుతూ చూపుడువేలితో బియ్యంలో ఏదో రాసేదానివి. పెదాలు కదిపి చదువుకుని, చేట ఒక్క ఊపు ఊపేదానివి. అంతా పోయేది. మళ్లీ రాళ్లు ఏరుకునేదానివి. నాకు ఒళ్లు మండిపోయేది. "ఏటండీ అలా సూత్తన్నారు? బియ్యమే గదా ఏరతన్నాను" అనేదానివి. అది కవిత్వమని నీకు తెలియకపోవడం ఇంకా మండేది.

ఒకరోజు నీ వెనక నిలబడి చదివాను.

ఓడ కూత వేసింది, సముద్రం లేవలేదు.
పక్కలో పాప లేచింది.
లేచినదాన్ని జోకొట్టాను,
లేవనిదాన్ని చూస్తూ కూర్చున్నాను.

నువ్వు చేట ఊపేలోపే నాకు కంఠతా వచ్చేసింది. నువ్వు వేలూరు వెళ్లాక దాన్ని మా పోర్టు ఉద్యోగుల క్లబ్బు వార్షికోత్సవం కవితల పోటీకి ఇచ్చాను జయా. నా పేరుతో ఇచ్చాను. మొదటి బహుమతి వచ్చింది. మా తోటి గుమస్తా జగ్గారావు వాటేసుకుని, "ఏటి బావా, బిడ్డని జోకొట్టినోడిలాగే రాసినావు. నీకెలా తెలిసిపోనాది?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

నిన్న బహుమతి ఇచ్చే సభలో ఉండబట్టలేక, ఇది నాది కాదు, నా భార్య బియ్యంలో రాసింది అని మైకులో చెప్పేశాను. హాలంతా చప్పట్లు. "పెళ్లాం మీద ఎంత పేమో సూడండి" అన్నాడు జగ్గారావు. ఒక్కరూ నమ్మలేదు. నేను రెండోసారి గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి.

ఇంకొకటి ఉంది. ట్రైనింగుకి వెళ్లమని నేను పట్టుబట్టి పంపినందుకు, మా ఆయన బంగారమని అక్కడ అందరికీ చెప్పుకుంటున్నానని రాశావు. నీ ఉద్యోగం కోసమే పంపానన్నది సగమే నిజం. ఆ చేటా, నీ వేలూ కొన్నాళ్లు నా కళ్లబడకుండా ఉంటే చాలనుకున్నాను. నువ్వు లేని ఇంట్లోనూ నాకు ఒక్క ముక్క రాలేదు.

క్లబ్బు వాళ్లు దాన్ని క్రిస్మసు లోపు సంచికలో అచ్చు వేస్తారట. పేరు మార్చమంటే సెక్రటరీ నవ్వుతున్నాడు. అందుకని ఆ నాలుగు పాదాలూ నువ్వే కాగితం మీద రాసి, కింద నీ పేరు పెట్టి, ఈ ఉత్తరం జతచేసి ఆయనకు పంపు. నన్ను తిట్టేది ఉంటే తర్వాత తిట్టు, ఆలస్యం మాత్రం చెయ్యకు. మళ్లీ ఎవరైనా అది నీదేనా కృపాకర్ అని అడిగితే, కాదంటానన్న నమ్మకం నాకు లేదు.

ఇట్లు,
నీ మీద అసూయ చావని
నీ భర్త,
కృపాకర్