ఇటుకల మీద విమానం

దోహా,
6-2-1994

ప్రియమైన అక్కా,

నేను కులాసా. నాకు విమానాల షెడ్డులో డ్యూటీ వేశారు. ఇవాళ ఒక పెద్ద విమానాన్ని జాకీల మీద ఎత్తి నిలబెట్టారు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి! మా ఫోర్‌మన్ నిజాముద్దీన్ భాయిది నిజామాబాద్. "యల్లా, కానీయ్, ఒకటి తిప్పి చూడు" అన్నాడు. నా ఛాతీ ఎత్తు చక్రం చేత్తో నెడితే తిరిగిందక్కా! నోరెళ్ళబెట్టి అక్కడే నిలబడిపోయాను. మున్సిపాలిటీలో ఇంటి పన్నులు వేసుకునే నీకు ఇవన్నీ ఏం తెలుస్తాయిలే!

నీ తమ్ముడు,
సుధాకర్

28-2-1994

ప్రియమైన సుధాకర్,

తెలియకేం? నేనూ ఒక విమానానికి ఇంటి పన్ను వేశాను! రఫీయుద్దీన్ గారని, విమానం నడపడం నేర్పి రిటైరైన పెద్దాయన. ఊరి చివర మైదానంలో ఆయన సొంత విమానం ఉంది. నాలుగు సీట్లది, ఆరేళ్ళుగా కదల్లేదు. మధ్యాహ్నాలు ఆయన అందులోనే కునుకు తీస్తారు. పైకప్పుంది, తలుపుంది, కింద ఇటుకల పునాది కూడా ఉంది. ఇంకేం, కట్టడమని రాసేశాను.

"అది ఇల్లు కాదమ్మా, విమానం" అని ఆయన అభ్యంతరం పెట్టుకున్నారు. వచ్చే నెలాఖరున విచారణ. ఓడిపోయి పన్ను కట్టలేకపోతే జప్తు చేసి పాత ఇనుము కింద అమ్మేస్తారు. ఆయన ముఖం గుర్తొస్తే అన్నం సయించడం లేదురా. నేను తప్పు రాశానా?

నీ అక్క,
లలితకుమారి

దోహా,
14-3-1994

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే నిజాముద్దీన్ భాయి పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇటుకలు తీస్తే ఏమైతదో అడిగిందా మీ అక్క?" అన్నాడు.

పునాది తీస్తే ఇల్లు కూలుతుంది. ఆ ఇటుకలు తీస్తే విమానం చక్రాల మీద నిలబడుతుంది. ఏళ్ళ తరబడి ఆపాల్సి వస్తే టైర్లు పాడవకుండా బరువును అలా ఆనిస్తారట. అది పునాది కాదక్కా. మళ్ళీ ఎగరాలనే ఆయన దాన్ని అంత జాగ్రత్తగా దాచుకున్నారు. నీ రాత నువ్వే కొట్టేయాలి. సిగ్గుపడకు.

నీ సుధాకర్

9-7-1994

ప్రియమైన తమ్ముడూ,

విచారణలో అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. కమిషనర్ గారు వినలేదు. "ఎగిరితేనే విమానమంటాను. నాలుగు నెలల గడువిస్తున్నా" అన్నారు.

రఫీయుద్దీన్ గారు ఇంజను మొత్తం విప్పి బిగించుకున్నారు. హైదరాబాదు నుంచి అధికారులొచ్చి, పరీక్షించి, ఎగరడానికి అనుమతిచ్చారు. నిన్న పొద్దున నేను సాక్షిగా వెళ్ళాను. "దూరం నుంచి చూసి ఏం రాస్తావమ్మా? ఎక్కు" అన్నారాయన. కొంగు నడుముకు చుట్టుకుని, దేవుడి మీద భారం వేసి ఎక్కాను.

నేల వదిలినట్టు తెలియనే లేదు. కిందకి చూస్తే, ఇరవై ఏళ్ళుగా గడపగడపా తిరిగిన ఊరు అరచేతిలో పట్టేంత ఉంది! మనిల్లు వెతుక్కోవడం కూడా మరిచిపోయాను. ఇంత ఆకాశం రోజూ మన నెత్తిమీదే ఉందా సుధాకర్? భయం కాదు, ఏడుపొచ్చింది. పక్కన డెబ్భై ఏళ్ళ పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆఫీసుకెళ్ళి నివేదికలో ఒక్క ముక్కే రాశాను: "ఇది కట్టడం కాదు. నేను ఇందులో ఎగిరాను." కమిషనర్ గారు రెండుసార్లు చదివారు. పన్ను రద్దు చేస్తూ సంతకం పెట్టారు. గుమాస్తా బయటికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు:

"ఏమమ్మా, నన్నూ ఎక్కించుకుంటారంటావా ఆయన?"

నీ అక్క,
లలితకుమారి