అన్నయ్య పేరు పలకమని అమ్మకు

చెన్నై,
ఆదివారం

అమ్మకు నీ కూతురు దండాలు. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి వెళ్తున్నారా? వదినా, ఈ ఉత్తరం అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

ఇక్కడ ఒకటే ఉక్కపోత. సముద్రం దగ్గరే ఉన్నా మా హాస్టలుకు గాలి రాదు. రోజూ సాంబారే. చేపల వాసన వస్తే హాస్టలావిడ గొడవ చేస్తుంది, అందుకే ఎండు నెత్తళ్ళు పంపకండి. సాయంత్రమైతే మీరందరూ గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నానమ్మా.

నా పనేమిటని అడిగావు కదా. ఒక్కో ఆసుపత్రి కంప్యూటరు రోగి సంగతులు ఒక్కో తీరుగా దాచుకుంటుంది. ఒకదాని రాత ఇంకోదానికి తెలియదు. ఏది ఎక్కడ ఎలా రాయాలో అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టి కలుపుతాం. అలా కలిపితే పలాసలో తీసిన రక్తం రిపోర్టు విశాఖ డాక్టరుకు అక్కడే కనిపిస్తుంది. ఈమధ్య ఆ రెండు చోట్లనూ మేమే కలిపాం. నాకెంత సంతోషం వేసిందో.

కానీ అన్నయ్య విశాఖలో చూపించుకుంటే, పాత రిపోర్టులేవీ లేవన్నారట. కొత్తగా వచ్చిన జబ్బేమో అనుకుని, మామూలు మందులిచ్చి పంపేశారు. పలాసలో అన్నిసార్లు రక్తం తీశారు కదా అని నాకు అనుమానం వచ్చి ఫోను చేస్తే నువ్వేమన్నావు? "మీ తాత పేరెట్టాం గదే ఆడికి. మావ పేరు నా నోటంట ఎలాగొత్తాది? పెద్దోడని రాసుకోండి బాబూ అన్నాను" అన్నావు. పలాసలో నువ్వు రాయించింది పెద్దోడు, విశాఖలో అన్నయ్య చెప్పుకున్నది అసలు పేరు. కంప్యూటరు ఇద్దరు మనుషులనుకుంది. నీ మీద కోపం రాలేదమ్మా, భయమేసింది.

అన్నయ్య సరేనన్నాక రెండు చోట్లా అడిగి రిపోర్టులు ఒకచోట చేర్పించాను. ప్రతి పరీక్షకూ కిడ్నీలు ఇంకాస్త పాడవుతూ వచ్చాయి. మన వాడలో ఎందరు అలా పోయారో నీకు తెలుసు. అన్నయ్యేమో "నాకేటయిపోద్దే, కాళ్ళు కూసింత వాసాయి, అంతే" అంటున్నాడు. సముద్రం మీద వేటకు వెళ్ళనివ్వకండి. ఈ వారమే విశాఖ తీసుకెళ్ళండి. ఇప్పుడైనా మందులతో ఆపగలమని డాక్టరు ఆశ పెట్టారు.

ఆ తర్వాత పలాసలో పరీక్షకు రక్తం ఇస్తూ ఉంటే చాలు, విశాఖ నుంచే చూసి మందు మారుస్తారు. ఒక్కసారి పేరు తప్పినా ఆ రిపోర్టు విశాఖ డాక్టరుకు చేరదు. ఆసుపత్రిలో అన్నయ్య బల్ల మీద కూలబడితే, పేరు రాయించే కిటికీ దగ్గర నిలబడేది నువ్వో వదినో. నువ్వు మావ పేరు పలకవు, వదిన మొగుడి పేరు పలకదు. ఇన్నాళ్ళూ మన ఇంట్లో అది మర్యాదే, కాదనను. కానీ తాతయ్య ఏమీ అనుకోడమ్మా. ఆయన పేరు పెట్టుకున్నది అన్నయ్య నిండు నూరేళ్ళు బతకాలనే కదా.

మావయ్యకు, అత్తకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. కింద నా పేరు పక్కనే అన్నయ్య పేరు రాశాను. వదినా, దాన్ని దాటేయకుండా పైకి చదువు. అమ్మా, నువ్వూ వదిన వెంట ఒకసారి అను.

నీ కూతురు,
అప్పన్న చెల్లెలు పార్వతి