చెరకు ఆకు కింది ఊపిరి

మావా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈసారీ చెరకు నరికాక ఆకు తగలబెట్టలేదు, నీలాగే సాళ్లలో పరిచాను. కరెంటు ఫ్యాక్టరీవాళ్లు మండించడానికి ఆ ఆకు అడుగుతున్నారు. ఆకు తీసేస్తే లోకాన్ని వేడెక్కించే వాయువులు నేలలోంచి ఎంత వస్తాయో, ఉంచితే ఎంతో చూడాలని బొబ్బిలి నుంచి ఒక చదువుకునే అమ్మాయి వచ్చింది. నువ్వు మధ్యాహ్నం నడుం వాల్చే చోటే ఒక పెట్టె నేల మీద బోర్లించి, అందులోంచి సిరంజితో గాలి తీయసాగింది.

"ఆకు ఉంచి మా ఆయన తప్పు సేసాడేటమ్మా?" అన్నాను.

"కొలిస్తేగానీ తెలీదమ్మా. దగ్గరికి రాకండి, మీ ఊపిరి ఈ గాలిలో కలిసిపోతాది."

గట్టు మీదే నిలబడ్డాను. పెట్టె తీసుకుని ఆమె వెళ్లాక వచ్చి, ఆ ఆకు మీదే కూర్చున్నాను. ఇప్పుడు నా ఊపిరి కలిసినా ఎవరూ ఏమీ అనరు.