గోలీ అయిపోయింది

మే 6
కోచ్ సర్ మెసేజ్. లాక్‌డౌన్ అయ్యాక గ్రౌండ్ తెరవగానే జిల్లా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి సెలెక్షన్. "బేటా, రోజ్ దౌడ్నా." పరిగెడుతూనే ఉన్నాను సర్... ఫోన్లో. తుపాకీ పట్టుకుని.

మే 8
బూట్లు మంచం కింద. తీసి చూడబుద్ధి కాదు.
పింకీ ఊరి ఆ చివర సిద్ధగోరాలో, నేను ఈ చివర బర్మామైన్స్‌లో — అయినా పొద్దస్తమానం కలిసే ఉంటున్నాం. గ్రౌండ్‌లో తను గోల్‌కీపర్, నేను రైట్ వింగ్. ఫోన్లో ఇద్దరం సైనికులం. హాయిగా ఉంది, పేజీకి అబద్ధం చెప్పడమెందుకు! చెమట పట్టదు, మోకాలు చెక్కుకుపోదు. పక్కనే జంతికల డబ్బా.

మే 9
డబ్బా ఖాళీ. అమ్మ కడిగి బోర్లించేసింది. అదే భయంగా ఉంది.

మే 11
నాన్న డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, గుమ్మంలో నిలబడి నన్నే చూశాడు. నా పరుగు చూసి ఆయన పెట్టిన పేరు ఎక్స్‌ప్రెస్. "ఏటే, మన ఎక్స్‌ప్రెస్ యార్డులో పడిపోనాదా?" నేను తల ఎత్తకుండా "అభీ ఆయీ పాపా" అన్నాను. ఎక్కడికి రావాలో నాకే తెలీదు. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత కొంచెం ఏడుపొచ్చింది.

మే 14
రాస్తుంటే ఇంకా నవ్వొస్తోంది.
మధ్యాహ్నం ఆట మంచి వేడి మీద ఉంది. తుపాకీలో తూటాలు అయిపోయాయి. పింకీ మీద అరిచాను — "గోలీ ఖతమ్! గోలీ దే, జల్దీ! నహీఁ తో మర్ జాఊఁగీ!"
వంటింట్లో మామ్మ. ఆవిడకి గోలీ అంటే ఒకటే, మందుల షాపువాడిచ్చే బీపీ బిళ్ళ. పిల్లకి ఆ కరోనా జబ్బు అంటుకుంది, దాచి దాచి తింటున్న బిళ్ళలు అయిపోయాయి, ఇక చచ్చిపోతుంది — అంతే అర్థమైంది. కొంగు మూతికి చుట్టుకుని, చెప్పులైనా లేకుండా వీధిలోకి వెళ్ళిపోయింది.
"మామ్మేదే?" అని అమ్మ కేక వేస్తే గానీ నాకు తెలియలేదు. పరిగెత్తాను. మామ్మ మందుల షాపు దగ్గర, నేను వీధి సగంలో... ఇక కాళ్ళు రాలేదు. ఎవరిదో గోడ పట్టుకుని కుక్కలా రొప్పుతున్నా. నేను! రైట్ వింగ్!
అది చూసి మామ్మ లబోదిబోమంది. "ఓలమ్మో! ఊపిరాడ్డం నేదా గుంటా? అదే వచ్చీసినాదేటి?"
"బీమారీ నహీఁ మామ్మా... ఖేల్... ఆట!"
"ఆటైతే ఊపిరెందుకు పోతాదే?"
గోడకి జారబడి చూశాను. ఆవిడ చేతిలో జ్వరం బిళ్ళలు.

మే 15
సిగ్గు. మామ్మకి డెబ్బై దాటాయి.

మే 16
పొద్దున్నే దుప్పటి లాగేసింది. "నెగు. డాబా మీద నాతోటి నడు." క్వార్టర్ల మీద అందరి డాబా ఒకటే, బట్టల తాళ్ళ కింద వంగి వంగి నడక. దూరంగా స్టీలు ప్లాంటు పొగ. మామ్మ ముందు, నేను వెనక.

మే 20
కాళ్ళు నొప్పి. మామ్మకి చెప్పలేదు. కనిపెట్టేసింది, కొబ్బరినూనె రాసింది.

మే 27
సాయంత్రం ఆట మానలేదు. మానను కూడా. ఇప్పుడు మామ్మ పక్కన కూర్చుని చూస్తుంది. "ఆ గోడెనక గోలీలున్నాయే, ఏరుకో!" నిజంగానే ఉన్నాయి. పింకీ ఫోన్లోనే పడీ పడీ నవ్వింది. మామ్మని జట్టులో చేర్చుకుందాం అంటోంది.

జూన్ 9
డాబా మీద పరుగు. మామ్మ బట్టలు ఆరేస్తూ — "పక్కకి తప్పుకోండర్రా, బండొత్తాంది!"
ఎంత బాగుందో.

జూలై 2
సర్ మెసేజ్. సోమవారం గ్రౌండ్ తెరుస్తారు. సెలెక్షన్ కూడా ఆ రోజే.
వీధి ఖాళీగా ఉంటే పరిగెత్తి చూశాను. మందుల షాపు దాకా ఆగలేదు. తిరిగి వస్తుంటే అదే గోడ దగ్గర ఆగిపోయాను. పూర్తి మ్యాచ్ ఆడగలనా? పింకీ "హో జాయేగా" అని ధైర్యం చెప్పింది. దానికేం, గోల్ దగ్గర నిలబడేది.

సోమవారం, పొద్దున
బూట్లు కొంచెం బిగుతు. పడ్డాయి కానీ.
మామ్మ తన బీపీ బిళ్ళ వేసుకుంటూ అంది — "గోలీ అయిపోతే ఓ కేకెయ్యే. నానొచ్చీత్తాను."
నవ్వాను. బూట్ల తాళ్ళు మళ్ళీ బిగించుకున్నాను.
నాన్న స్కూటర్ స్టార్ట్ చేశాడు. గేటు దగ్గర నాకంటే ముందే మామ్మ, గ్రౌండ్‌కి తయారై — మూతికి కొంగు చుట్టుకుని, చెప్పుల్లేకుండా...