సుద్దగీత

సిరిసిల్ల, బుధవారం

మూడు దినాలసంది సతాయించిన తప్పు ఇయ్యాల దొరికింది. దొరికిచ్చింది నేను గాదు, బాపు.

బాపు బట్ట నేసే సాంచాలు నాలుగు, వాటికి నేను చేసిన చిన్న బోర్డు ఒక్కటి. ఏ సాంచాల పోగు తెగితే దాన్ని ఆపాలె. బోర్డుల మెమరీ తక్కువని సీ భాషల కోరొటీన్లు రాసిన. ఒకదాని కాడ కొంచెం పని చేసి, ఇంకోదాని కాడికి పోయి, మళ్ల వచ్చి ఇడిచిన కాన్నుంచే అందుకోవాలె. కానీ ఒకదాంట్ల పోగు తెగితే పక్కది ఆగుతున్నది.

"పక్కదాని మీద పగవట్టిందా బిడ్డా నీ డబ్బ?" అని బాపు నవ్విండు.

నాకు కోపమచ్చింది. "నువ్వు నాలుగు నడుపుతవు గదా, ఏది యాడ ఇడిచినవో ఎట్ల యాదికుంటది?"

"నాకేడ యాదికుంటది? ఏ సాంచా ముచ్చట గా సాంచా మీదనే పెడుత" అని చట్రాల మీది సుద్దగీతలు చూపిచ్చిండు.

నేనేమో పోగు తెగిన గుర్తు నాలుగింటికి కలిపి ఒక్క స్టాటిక్ వేరియబుల్ల పెట్టిన! దేని గుర్తు దాని స్ట్రక్చర్లకు మార్చంగనే బోర్డు బుద్ధిగ పనిచేసింది.

ఇంటికచ్చి బాపు బీపీ గోలీలకని అల్మార తెరిస్తే, తలుపు ఎనుక తారీఖులేసి దినానికో సుద్దగీత. ఎప్పటిసంది గీస్తున్నడో. "నాకేడ యాదికుంటది" అన్నది నవ్వులాటకు గాదేమో...

ఇయ్యాలటి గీత లేదు. గోలీ ఏపిచ్చి, నేనే గీసిన.