కిటికీ మూల పైకి లేచింది

నాగపూర్,
మే 22.

అత్తకు నమస్కారాలు.

నీ ఇంటి గోడల పగుళ్ల మీద నువ్వు అడిగిన నివేదిక తయారైంది. ఆ ఇల్లు కట్టిన ధోండిబా మేస్త్రీ సిమెంటు మింగేశాడని వీధంతా చాటావు. ఏడాదిగా అకోలాలో అతన్ని పనికి పిలిచినవాళ్లు లేరు. మొన్న నేను పునాది తవ్విస్తుంటే గోడ మీద నుంచి తొంగిచూసి, "బాగా వెతకండి సాహెబ్, నేను మింగిన సిమెంటు అక్కడే ఉంటుంది" అన్నాడు. నిజంగానే అంతా అక్కడే ఉంది.

ఇల్లు కుంగిందని కదా నీ వాదన. కుంగలేదు, కిటికీ ఉన్న మూల బొటనవేలంత పైకి లేచింది. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది. మిగతా మూడు మూలలా నేల నెర్రెలిచ్చి ఉంటే, అక్కడ మాత్రం మట్టి పారకు జిగురులా అంటుకుంది.

ఈ ఎండల్లో నీళ్లెక్కడివా అని తలెత్తి చూస్తే, కిటికీకి కూలర్. హోళీకి పెడితే వానలు పడేదాకా నువ్వు దాన్ని ఆపవు. ఎనిమిదేళ్లుగా దాని నీళ్లు కారికారి పునాదిలోకే పోతున్నాయి. పోయిన వేసవిలో దాని ముందే కూర్చుని, మామిడిరసం జుర్రుతూ మనిద్దరం ధోండిబాను తిట్టిపోశాం.

ఆదివారం వస్తున్నాను. అతన్ని భోజనానికి పిలిచి పూరన్‌పోళీ చెయ్యి. క్షమాపణ నువ్వు చెప్పనక్కర్లేదు, నేనే చెబుతాను.

నివేదికలో 'బాధ్యులు' అన్న గడి ఒక్కటే ఇంకా నింపలేదు. మొదటి జీతంతో ఆ కూలర్ కొని, నీళ్లు బయటికి పోయే గొట్టం దండగని పక్కన పడేసి, తన చేతులతో కిటికీకి బిగించిన ఇంజనీరు ఎవరో నీకు గుర్తుండే ఉంటుంది.

నీ మేనల్లుడు